చీకటి పడేదాకా

మా పంతులమ్మగారు పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో నలుగురు మాట్లాడారు. నలుగురూ ఆవిణ్ణి గడియారంతోనే పోల్చారు. మొదటాయన పోల్చినప్పుడు ఊరుకున్నాను. రెండో ఆయన "ఆవిడ కీ ఇవ్వక్కర్లేని గడియారమండీ" అన్నారు, జనం తలలూపారు. మూడో ఆయన అదే మాటని ఇంకాస్త సాగదీశారు. నాలుగో ఆయన సంఘపెద్దగారు. మా బాలికల స్కూలు కమిటీకి కూడా ఆయనే పెద్ద. ఆయన లేచి, కండువా సర్దుకుని, ఆ మహాతల్లి జ్ఞాపకార్థం స్కూలుకి పెద్ద గోడగడియారం తెప్పించాలని కమిటీ తీర్మానించిందని చెప్పారు. వీధిలో పోయేవాళ్ళకి కూడా కనబడేలా పెడతారట. "దాని ప్రారంభానికి ఎక్కడెక్కణ్ణించో పెద్దలొస్తారు కదండీ. ప్రహరీగోడ వెనకాల ఆ తాటాకు దడీ అదీ తీయించేసి, కాస్త శుభ్రం చేయిద్దామండీ" అని కూడా అన్నారు.

నేను ఆ స్కూల్లో చదువుకున్నదాన్ని. ఇప్పుడు అక్కడే మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. అందుకని నన్నూ నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలుసు కనక మళ్ళీ కూర్చున్నాను. దుఃఖమనుకుని పక్కనున్నావిడ నా వీపు నిమిరింది. దుఃఖం కాదు, ఒళ్ళు మంట. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాది మండవల్లి దగ్గర పల్లె. నాకు పదకొండో ఏడు రాగానే మా నాన్న నన్ను తాడేపల్లిగూడెం తీసుకొచ్చి ఈ స్కూలు బోర్డింగులో వేశాడు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఆయనా, ఆయన వెనకాల నేనూ ఆవరణలోకి వచ్చేసరికి, గంట కొట్టే ముసలాయన సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఎదురుగా పొట్టిగా, నల్లగా, సన్నంచు తెల్లచీరలో ఒకావిడ. చంకలో గొడుగు. పొట్టమీద అరచెయ్యి వేసుకుని కళ్ళు మూసుకుని ఉంది. కడుపునొప్పేమో పాపం అనుకున్నాను.

"అమ్మగారండీ, పదకొండున్నర అయిందాండీ?" అన్నాడు ముసలాయన.

"ఇంకా లేదు" అన్నారావిడ కళ్ళు తెరవకుండానే. కాస్సేపాగి, "ఆఁ, ఇప్పుడు కొట్టు" అన్నారు.

ఆఫీసు గదిలో గడియారం లేక కాదు. ఉంది. అది రోజుకి పావుగంట వెనకబడేది. స్టేషన్లోకి మెయిలు బండి వచ్చే వేళతో సరిచూసుకుంటే ఆవిడ పొట్టే నిజమని తేలేది. చివరికి ఆ గడియారాన్నే ఆవిణ్ణి అడిగి తిప్పుకునేవారు. కాబట్టి ఆ నలుగురు పెద్దలూ అన్నది అబద్ధమని నేననను. నా బాధంతా అది నిజం కావడమే.

ఆవిడకి ఒళ్ళు అంటే విడిగా ఒక మనిషి. ఆ మనిషితో రోజూ మాట్లాడాలి. "తిట్టకండమ్మా, మొండికేస్తుంది. బతిమాలకండి, నెత్తికెక్కుతుంది. చెప్పండి. రోజూ అదే వేళకి, అదే మాట, మెల్లిగా. పది రోజులకి వింటుంది" అనేవారు. పదింటికి ఆకలేస్తోందంటే ఒప్పుకునేవారు కాదు. "అది ఆకలి కాదు, నోటి సరదా. పదకొండున్నరకి రమ్మని చెప్పు, వస్తుంది" అనేవారు. చిత్రమేమిటంటే వచ్చేది. నాలుక్కి లేవాలని చెప్పుకుని పడుకుంటే నాలుక్కే మెలకువ వచ్చేది. ఇప్పటికీ వస్తుంది. ఆదివారాలు మినహాయించమని దానికి చెప్పడం మాత్రం ఆవిడ నాకు నేర్పలేదు.

బోర్డింగులో కొత్తపిల్లలు ఇంటిమీద బెంగతో నిద్రపోయేవారు కాదు. ఆవిడ వాళ్ళని ఓదార్చేవారు కాదు, కథలు చెప్పేవారు కాదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక నలభైమంది పిల్లలం చాపలమీద వెల్లకిలా పడుకుంటే, మా మధ్య మెల్లిగా తిరుగుతూ, "పాదాలు పడుకున్నాయి" అనేవారు. మేం మనసులో పాదాల్ని పడుకోబెట్టేవాళ్ళం. "పిక్కలు పడుకున్నాయి. మోకాళ్ళు పడుకున్నాయి." దూడల్ని ఒక్కొక్కటిగా పాకలోకి తోలి కట్టేసినట్టు ఒంట్లో ఒక్కొక్కటీ సద్దుమణిగేది. భుజాల దాకా నేనెప్పుడూ మేలుకుని లేను. తరవాత టీచరు ట్రెయినింగులో పెద్ద పెద్ద మాటల్తో ఏవేవో చెప్పారుగాని, మనసు చెబితే ఒళ్ళు వింటుందన్న సంగతి నాకు అప్పటికే తెలుసు. ఆవిడ నాకిచ్చినవాటిలో అది నిజంగా గొప్పది. దాన్ని కాదనను.

కానీ పాదాలకంటే ముందు ఇంకొకటి ఉండేది. పడుకోగానే అందరం పొట్టమీద అరచెయ్యి వేసుకుని ఒక్క గొంతుతో చెప్పాలి. "రేపు నాలుక్కి లేస్తాను. లేవగానే వెళ్ళొస్తాను. మళ్ళీ చీకటి పడేదాకా అడగను." అదీ ప్రార్థనలో భాగమేననుకునేదాన్ని చాలాకాలం.

ఇక్కడ దాపరికం అనవసరం. మా స్కూల్లో ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేదు. తెల్లవారుజామున లాంతరు పట్టుకుని ఆవిడ ముందు నడుస్తుంటే, చెంబులు పట్టుకుని మేం వరసగా కాలవగట్టు దాటి తాటితోపులోకి వెళ్ళేవాళ్ళం. మళ్ళీ చీకటి పడ్డాక ఇంకోసారి. మధ్యలో పన్నెండు పదమూడు గంటలు ఏమీ లేదు. రోడ్డు అవతల మగపిల్లల స్కూలుంది. వాళ్ళకి పదిన్నరకి 'ఒంటికి బెల్లు' కొట్టేవారు. బిలబిలమంటూ బయటికొచ్చి, కనబడిన గోడనల్లా తడిపేసి, నవ్వుకుంటూ లోపలికి పోయేవారు. మగవాళ్ళకి లోకమంతా గోడే. మేం కిటికీలోంచి ఆ బెల్లు విని, తొడలు బిగించుకుని, ఎక్కం అప్పజెప్పేవాళ్ళం.

అందుకని నీళ్ళు కూడా లెక్కే. పొద్దున్న తోపునించి వచ్చాక ఒక గ్లాసు. మధ్యాహ్నం అన్నంలో అరగ్లాసు. మళ్ళీ సాయంత్రమే. వేసవిలో నోరు ఎండిపోతోందంటే, "పుక్కిలించి ఉమ్మెయ్యమ్మా, లోపలికి పోనివ్వకు" అనేవారు. ఆవిడ దగ్గర ఎప్పుడూ నిండుగా ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. దాని మూత తీసి, గొంతు తడిసీ తడవకుండా ఒక్క గుక్క తాగి, సాయంత్రం మిగతాదంతా గుమ్మం పక్క కనకాంబరం మొక్కకి పోసేవారు. ఆ మొక్క ఆవిడకంటే సుఖపడింది.

ఇదంతా ఆవిడ ఎక్కడ నేర్చుకున్నారో ఒక వానరోజు మాకు చెప్పారు. ఆవిడది కొల్లేటి లంక. వానాకాలం కొల్లేరు పొంగితే, ఇళ్ళున్న దిబ్బ తప్ప అడుగు పెట్టడానికి పొడినేల ఉండదు. మగవాళ్ళు దిబ్బ చివర ఎక్కడ నిలబడ్డా ఎవరూ ఏమీ అనరు. ఆడవాళ్ళ కోసం తెల్లవారుజామున ఒకటీ, చీకటి పడ్డాక ఒకటీ దోనె బయల్దేరేది. రెండు తాటిదోనెలు జతకట్టి, ఒక ముసలావిడ గెడ వేస్తుంటే, లంకలో ఆడవాళ్ళంతా ఎక్కి దూరంగా ఉన్న కట్టకి వెళ్ళొచ్చేవారు. పొద్దుటి దోనె తప్పిపోతే మళ్ళీ చీకటి దోనె దాకా ఆగాలి. ఐదేళ్ళప్పుడు ఒకరోజు ఆవిడకి మెలకువ రాలేదట. పగలంతా గుమ్మంలో కూర్చుని ఏడిచారట. ఆ రాత్రి వాళ్ళమ్మ పక్కలో పడుకోబెట్టుకుని, పిల్ల పొట్టమీద చెయ్యి వేసి, "దోనె వచ్చే యేళకి లేపమని దీనికి చెప్పవే. మళ్ళీ దోనె వచ్చీదాకా ఊరుకోమని చెప్పు. వింటాది" అందట.

"ఆ మర్నాటినించి నేను దోనె తప్పలేదమ్మా" అని ఆవిడ మురిసిపోయారు. "మా అమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా నా చదువంతా ఆవిడ చెప్పిన ఆ పాఠమే."

మేమూ మురిసిపోయాం. ఇప్పుడు తలుచుకుంటే నాకు చెప్పలేనంత కోపం వస్తుంది. ఐదేళ్ళ పిల్ల పొట్టకి పాఠాలు చెప్పారుగాని, ఆ దిబ్బమీద ఒక మూల నాలుగు తాటాకులు అడ్డం కడదామని లంకలో ఒక్క మగాడికీ తోచలేదు. అంత తాటాకు ఉంది అక్కడ. ఇళ్ళ కప్పులన్నీ అదే.

నేను ఏడో తరగతిలో ఉండగా మిషను దొరసానిగారు స్కూలు చూడటానికి వచ్చారు. ఆవిడకి తెలుగు బాగానే వచ్చు. పెద్ద హాల్లో కుర్చీలు వేశారు. దొరసానిగారూ, సంఘపెద్దగారూ, కమిటీలో ఇంకో ముగ్గురు పెద్దమనుషులూ కూర్చున్నారు. పంతులమ్మగారు నిలబడి ఉన్నారు. స్వాగతం పాట పాడిన పిల్లల్లో నన్ను పూలపళ్ళెం పట్టుకుని అక్కడే ఉండమన్నారు. మూడు దాటింది. పొద్దున్న హడావిడిలో ఇంకో గ్లాసు నీళ్ళు తాగేశాను. కాలిమీద కాలు వేసుకుని నిలబడ్డాను.

దొరసానిగారు ఆ గదీ ఈ గదీ చూసి వచ్చి, సూటిగా అడిగారు. "పిల్లలు పగటిపూట బయటికి ఎక్కడికి వెళ్తారు? నేను వాళ్ళకి మరుగు గదులు కట్టించడానికే డబ్బు తెచ్చాను."

నలుగురు మగవాళ్ళ మధ్యలో ఆ ప్రశ్న. పంతులమ్మగారు కొంగు భుజం నిండా లాక్కున్నారు. మెడ వంగిపోయింది. సంఘపెద్దగారు పైకప్పు కేసి చూస్తున్నారు. పంతులమ్మగారే జవాబు చెప్పారు.

"మా పిల్లలకి అవసరం ఉండదండీ. నేను అలవాటు చేశానండీ."

"పగలంతా అసలు వెళ్ళరా?"

"వెళ్ళరండీ."

సంఘపెద్దగారి మొహం వెలిగిపోయింది. "చూశారాండీ, మా పంతులమ్మగారు పిల్లల్ని ఎంత పద్ధతిలో పెట్టారో!" అన్నారు.

దొరసానిగారు నమ్మలేదు. పూలపళ్ళెం పట్టుకున్న నావైపు తిరిగి, "నిజమేనా అమ్మాయీ?" అన్నారు. నాకు పదమూడో ఏడు. నోరుంది. కడుపు పగిలిపోతోంది. పంతులమ్మగారు నావైపు చూడలేదు.

"నిజమేనండీ" అన్నాను.

ఆ డబ్బుతో వీధివైపు ప్రహరీగోడ కట్టారు. ఇటిక గోడ, పైన సున్నం. ఊళ్ళో అందరూ బాగుందన్నారు.

ఆవిడ సిగ్గుపడి అలా అన్నారా, గర్వంతో అన్నారా అని చాలాసార్లు ఆలోచించాను. రెండూ ఉన్నాయి. అడిగితే సిగ్గు, అక్కర్లేదంటే గొప్ప. ఆడదానికి ఇంతకన్నా సుళువైన దారి ఇంకోటి చూపించలేదు ఎవరూ. మా వైపు జనం మెత్తగా మాట్లాడతారని పేరు. నిజమే. ప్రతి మాటకీ అండీ తగిలిస్తాం. ఆ రోజు ఆ హాల్లో నలభైమంది పిల్లల ప్రాణం తీసిన రెండు ముక్కల చివరా అండీ ఉంది. నా ముక్క చివర కూడా ఉంది.

మరుసటేడు కలిదిండివైపునించి రూతు అని ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చింది. కొబ్బరాకు ఈనెలా ఉండేది. నా చాప పక్క చాప. ఎంత చెప్పుకున్నా దాని పొట్ట వినేది కాదు. క్లాసులో లేచి, "అమ్మగారండీ, బయటికండీ" అనేది.

"రాత్రి పొట్టకి చెప్పావామ్మా?" అనేవారు పంతులమ్మగారు.

"చెప్పానండీ."

"మనసు ఎటో పెట్టి చెప్పుంటావు. ఇవాళ శ్రద్ధగా చెప్పు. కూర్చో."

ఒకరోజు కూర్చున్నచోటే అయిపోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడ ఒక్క చూపు చూస్తే అందరూ చచ్చినట్టు ఊరుకున్నారు. తనే గుడ్డ తెచ్చి నేల తుడిచారు, పిల్లకి లంగా మార్చారు, ముద్దు పెట్టుకున్నారు. "నీ తప్పు కాదమ్మా. నీకు చెప్పడం రావట్లేదంతే" అన్నారు. కొట్టినా బాగుండేది. కొడితే ఆ పిల్ల ఆవిణ్ణి తిట్టుకునేది. ముద్దు పెట్టుకుని చెప్పేసరికి, లోపం తనలోనే ఉందని నమ్మేసింది.

ఆ మర్నాటినించి రూతు నీళ్ళు తాగడం మానేసింది. మధ్యాహ్నం తన అరగ్లాసూ నా ముందుకి తోసి, "నాకొద్దక్కా, నువ్వు తాగు" అనేది. ఎండాకాలం. నాకు నోరు పీక్కుపోతోంది. తాగేదాన్ని. ఎందుకొద్దని ఒక్కసారి కూడా అడగలేదు.

పదిరోజులు కూడా కాకుండా ఆ పిల్ల ప్రార్థనలో నిలబడి ఉండగా పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. పంతులమ్మగారు దాన్ని భుజాన వేసుకుని రైలెక్కించి ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. విసరడానికి నన్ను తోడు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మగారు పరీక్ష చేసి, "ఇన్నాళ్ళూ నీళ్ళెందుకు తాగలేదమ్మా?" అని అడిగితే, రూతు కళ్ళు తెరవకుండానే, "నాకు పొట్టకి చెప్పడం రాదండీ" అంది.

డాక్టరమ్మగారు పంతులమ్మగారి వైపు చూశారు. ఆవిడ అంతా చెప్పారు. దోనె సంగతి, నాలుగింటి సంగతి, నీళ్ళ సంగతి. విన్నాక ఆ డాక్టరమ్మగారు అరవలేదు. "నిద్రకీ ఆకలికీ వేళ అలవాటు చెయ్యడం మంచిదేనండీ. పొద్దున్నే వెళ్ళడం కూడా మంచిదే. కానీ చోటుండి చెప్పడం వేరు, చోటు లేక చెప్పడం వేరు కదండీ. మీ స్కూల్లో చోటెక్కడుంది?" అన్నారు.

పంతులమ్మగారు నా చేతిలో విసనకర్ర తీసుకుని రూతుకి విసరడం మొదలుపెట్టారు.

రూతు బతికింది. వాళ్ళ నాన్న వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "ఈ చదువు మా పిల్లకి సరిపడలేదండీ" అని తీసుకెళ్ళిపోయాడు. ఆయన కూడా మెత్తగానే మాట్లాడాడు. ఇప్పుడు ఆ పిల్ల కలిదిండి చేలల్లో ఊడ్పులకి వెళ్తోందని విన్నాను. నాలుగో తరగతి పుస్తకం గడగడా చదివేది.

తిరుగు రైల్లో పంతులమ్మగారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. భీమడోలు దాటాక నావైపు తిరిగారు.

"ఆ రోజు దొరసానిగారు అడిగితే నిజమేనని ఎందుకన్నావే?"

"మీరు అన్నారని అన్నానండీ."

ఆవిడ మరచెంబు మూత తీసి నా చేతికిచ్చారు. "తాగు. అంతా తాగెయ్" అన్నారు. మిట్టమధ్యాహ్నం అన్ని నీళ్ళు తాగడం నాకు అదే మొదలు. ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం ఆరాధన అయి జనం గుడి మెట్లు దిగుతున్నారు. సంఘపెద్దగారు చెప్పులు వేసుకుంటున్నారు. పంతులమ్మగారు గొడుగు చంకలో పెట్టుకుని ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. చుట్టూ నూరుమంది ఉన్నారు.

"అయ్యగారండీ, ఆ రోజు దొరసానిగారితో నేను అబద్ధం చెప్పానండీ. మా పిల్లలకి పగలు వెళ్ళడానికి మరుగుదొడ్డి కావాలండీ."

ఆయనకి ఒక చెప్పు వేసుకోవడం అయింది, రెండోది కాలేదు. "ఇక్కడా అమ్మా ఈ మాటలు? గుడి ముందు?" అన్నారు.

"హాల్లో అడిగితే సిగ్గుపడి అబద్ధం చెప్పానండీ. అందుకని ఇక్కడ అడుగుతున్నానండీ."

"ఇప్పుడేం చేస్తామమ్మా? ఆ డబ్బంతా గోడకి అయిపోయింది కదా" అని ఆయన రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఆవిడ ఆ గోడ దగ్గరికే వెళ్ళారు. లోపలివైపు గోడకి ఆనించి గుంట తవ్వించి, నాలుగు గుంజలు పాతి, తాటాకులు మాచేత కుట్టించి దడి కట్టించారు. వారం తిరక్కుండా కమిటీవాళ్ళు మనిషిని పంపి పీకించేశారు. ఆవిడ మళ్ళీ కట్టించారు. మళ్ళీ పీకించారు. మూడోసారి సంఘపెద్దగారే వచ్చారు. "అంత అందమైన గోడ కట్టిస్తే, దానికి ఇలాంటిది ఆనిస్తారామ్మా?" అన్నారు.

"అది పిల్లల డబ్బుతో కట్టిన గోడండీ. పిల్లలే ఆనుకుంటారండీ" అన్నారావిడ, ఎంతో వినయంగా.

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. దడి నిలబడింది. పదిన్నరకి రోడ్డవతల బెల్లు మోగగానే మా ముసలాయన కూడా గంట కొట్టేవాడు. ఆవిడ గొడుగు వేసుకుని దడి ముందు కాపలా నిలబడితే, మేం ఒకరి తరవాత ఒకరం వెళ్ళొచ్చేవాళ్ళం. రాత్రి చెప్పుకునే మాటల్లోంచి చివరి ముక్క తీసేశారు. నాలుక్కి లేస్తాను, లేవగానే వెళ్ళొస్తాను, అంతే.

అన్నీ మారాయిగాని ఆవిడ మరచెంబు మారలేదు. కనకాంబరం మొక్కకి సాయంత్రం నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ట్రెయినింగు పూర్తయి నేను ఆ స్కూల్లోనే పనిలో చేరాక, ఒకరోజు తెగించి అడిగాను.

"మాకోసం అంత దెబ్బలాడారు. మీరు మాత్రం పగలు ఎందుకు వెళ్ళరండీ?"

ఆవిడ నవ్వారు. "ప్రయత్నించానమ్మా. దడి కట్టిన రోజే వెళ్ళాను. కూర్చున్నాను. రాలేదు. పగటివెలుగు కనబడితే చాలు, బిగుసుకుపోతుంది. ఐదో ఏటినించీ చెప్పాను దానికి. ఇప్పుడు కాదని చెబితే నమ్మట్లేదు."

"ఇంకో పదిరోజులు చెప్పి చూడండి."

"అప్పట్నించీ రోజూ చెబుతూనే ఉన్నాను" అన్నారు.

అప్పటికే పాదాలకి నీరు దిగుతోంది. చెప్పులు పట్టక ఉత్తకాళ్ళతో నడుస్తున్నారు. చీర కుచ్చెళ్ళు కిందికి వదిలి అది దాచుకుంటున్నారు. డాక్టరమ్మగారు చూసి, ఇన్నేళ్ళు నీళ్ళు తాగక, ఆపుకుని ఆపుకుని లోపల చెడిపోయి ఉంటుందనీ, ఇంత ఆలస్యంగా వస్తే తనేం చెయ్యగలననీ అన్నారు. ఏభై కూడా నిండలేదు ఆవిడకి. ఇదీ కీ ఇవ్వక్కర్లేని గడియారం కథ.

ఆవిడమీద నాకింకా కోపం పోలేదు. అంత మనసున్న మనిషి, ఒళ్ళుని గుప్పెట్లో పెట్టుకోగలిగిన మనిషి, ఒక్క మధ్యాహ్నం నలుగురు మగవాళ్ళ ముందు నిజం చెప్పలేకపోయారు. ఆ తరవాత ఎంత పోరాడినా రూతు తిరిగి రాలేదు. నామీద కోపం అంతకన్నా ఎక్కువ. ఆ సంఘపెద్దగారిమీద ఉన్నది రాయడానికి మా వాడుకలో మాటలు లేవు. గడియారం పెడతారట, దడి తీస్తారట. నేను తియ్యనివ్వను. పీకితే కడతాను, మళ్ళీ పీకితే మళ్ళీ కడతాను. తాటాకు కుట్టడం నాకు ఆవిడే నేర్పారు.

ఆవిడ పోవడానికి మూడురోజుల ముందు, శనివారం పొద్దుటి బండికి ఏలూరు వెళ్ళాను. ఆస్పత్రిలో వీధివైపు చిన్న గదిలో ఆవిణ్ణి ఉంచారు. మొహం, చేతులు అన్నీ ఉబ్బిపోయాయి. మంచం పక్కన నర్సమ్మ రేకు పాత్ర పట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దుట్నించీ బతిమాలుతున్నానండీ. ఆవిడకి అవసరంగానే ఉంది, మొహం చూస్తే తెలియట్లేదాండీ? పగలు వద్దంటారు" అంది.

పంతులమ్మగారి కళ్ళు నావైపు తిరిగాయి. నన్ను పోల్చుకోలేదు. చెయ్యి పొట్టమీదే ఉంది.

"చీకటి పడిందాండీ?" అని అడిగారు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగారు.

పన్నెండయింది. గది నిండా ఎండ. ఇది ఏలూరండీ, ఇక్కడ ఎవరూ చూడరండీ, లోకం మారిందండీ అని చెబుదామనుకున్నాను. లోకం మారలేదు. లేచి కిటికీలు రెండూ మూశాను. తలుపు వేశాను. కిటికీ సందుల్లోంచి వెలుగు రాకుండా మంచంమీది దుప్పటి తీసి అడ్డం కట్టాను. గది చీకటయింది.

"పడిందండీ" అన్నాను. "దోనె వచ్చింది. లేవండి."

"పిల్లలందరూ ఎక్కారా?"

"ఎక్కారండీ. మీకోసమే ఆగాం."

"అయితే పదండి" అన్నారావిడ.

నేనూ నర్సమ్మా చెరోవైపు పట్టుకుని కూర్చోబెట్టాం. చాలాసేపు పట్టింది. తరవాత పడుకోబెట్టి, తుడిచి, చీర మార్చాం. నేను పక్కన కూర్చుని, "పాదాలు పడుకున్నాయి. పిక్కలు పడుకున్నాయి" అని మెల్లిగా మొదలుపెట్టాను. భుజాల దాకా రాకముందే నిద్రపోయారు.

గది వాసన వేస్తోందని నర్సమ్మ అంటే లేచి దుప్పటి విప్పి, కిటికీ తెరిచాను. ఎండ కళ్ళలో పొడిచింది. ఎదురుగా రోడ్డు పక్క గోడకేసి తిరిగి, గొడుగు చంకలో పెట్టుకుని, ఒక పెద్దమనిషి నింపాదిగా నిలబడి ఉన్నాడు.